నెమ్మదిగా దించు

జూన్ 4, ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. చేసిన పని: వంటింటి తూము శుభ్రం చేశాను. అందులోంచి నీ జడపిన్నులు బయటపడ్డాయి. వంటింట్లో జడ ఎందుకు వేసుకుంటావో నాకు అంతుపట్టలేదు.

నా వాగుడుకాయకి,

మొన్న ఫోన్లో నువ్వు కోప్పడ్డది న్యాయమే. "నేను శిక్షణకని ఇంత దూరం వచ్చి, రోజంతా క్రేను నడిపి, దిగీదిగగానే నీకు ఫోన్ చేస్తే ఊఁ ఊఁ అంటావా? ఆ ఊఁ ఏదో రికార్డు చేసి పంపించు, నేనే వేసుకుని వింటాను. నోటికి మాట రాకపోతే ఉత్తరం రాయి" అని ఫోన్ పెట్టేశావు. అందుకని రాస్తున్నాను. రోజూ డైరీలో రాసుకున్నట్టే తారీఖు, వానో ఎండో, చేసిన పని పైన పెట్టాను. అవి లేకుండా నాకు చెయ్యి కదలదు. నువ్వు చెప్పి వెళ్ళిన పనుల్లో బీరువా తలుపు ఒక్కటే మిగిలింది. తీసినప్పుడల్లా నేలకి రాసుకుని కీచుమంటోంది. చూస్తాను.

మీ తమ్ముడు బాగానే ఉన్నాడు. నువ్వు వచ్చేదాకా నన్ను చూసుకోమని వాణ్ణి ఇంట్లో పెట్టి వెళ్ళావు గాని, వాణ్ణే నేను చూసుకుంటున్నాను. తడి తువ్వాలు మంచం మీద పడేసే అలవాటు నీ ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది మీ పుట్టింటి ఆస్తి అని ఇప్పుడు తెలిసింది.

వాడికి ఇన్సూరెన్సు ఆఫీసు మీద విసుగు పుట్టిందట. ఇవాళ టీ తాగుతూ, "బావా, నీ పని నాకు నేర్పు. నువ్వు రోజంతా బొమ్మలు వేస్తే జీతం ఇస్తారు. మా ఆఫీసులో బొమ్మ వేస్తే మెమో ఇస్తారు. చెప్పు, స్టోరీబోర్డు ఆర్టిస్టు కావాలంటే ఏ కాలేజీలో చేరాలి?" అన్నాడు.

ఊఁ అన్నాను.

"ఊఁ అనే కాలేజీ ఏ ఊళ్ళో ఉంది బావా?"

నేను ఏ కాలేజీకీ వెళ్ళలేదని వాడికి తెలుసు. ఈ పనిలోకి ఎలా వచ్చానో మాత్రం తెలియదు. చెప్పాను. పలకలుగా వచ్చే బీరువా కొంటే పెట్టెలో ఒక కాగితం ఉంటుంది కదా, దాన్ని ఎలా బిగించుకోవాలో చూపిస్తూ. ఆ బొమ్మలు వేసేవాణ్ణి. ఏ భాషవాళ్ళు కొన్నా అర్థం కావాలి కాబట్టి అందులో అక్షరం ముక్క ఉండకూడదు. ఏ మర ముందు, ఏ మర తరవాత, చెయ్యి ఎటు తిప్పాలి, ఎక్కడ రెండో మనిషి పట్టుకోవాలి, అన్నీ బొమ్మలోనే. ఒక గడిలో ఒక్క పనే జరగాలి. చూసేవాడి కన్ను ముందు ఎక్కడ వాలుతుందో అక్కడే అసలు సంగతి ఉండాలి. ఎవరూ నేర్పలేదు. తప్పు వేస్తే ఎవరింట్లోనో అర ఊడి నెత్తి మీద పడుతుంది, ఆ భయమే నేర్పింది. తరవాత ఈ యానిమేషన్ స్టూడియోవాళ్ళు ఆ కాగితాలు చూసి పిలిచారు. సినిమా తియ్యబోయే ముందు ప్రతి సీనూ గడులు గడులుగా గీసి, కెమెరా ఎక్కడుంటుందో, మనిషి ఎటు కదులుతాడో చూపించడమే కదా స్టోరీబోర్డు. బీరువాకి బదులు కథ బిగించడం. అంతే తేడా.

నువ్వు నాకు ఎలా దొరికావో కూడా వాడికి చెప్పాను. నీకు తెలిసిందే అయినా వాడి మొహం చూడాల్సింది. ఒకావిడ కంపెనీ గుమ్మంలో నిలబడి ఆ కాగితం గాల్లో ఊపుతూ, "ఈ బొమ్మలు వేసిన మహానుభావుణ్ణి ఒక్కసారి కళ్ళారా చూసి పోదామని వచ్చాను" అందని చెప్పాను. నేను మాట్లాడకుండా మీ ఇంటికి వచ్చి చూశానని, నువ్వు తలుపు తలకిందులుగా బిగించావని చెప్పాను. తప్పు నీది కాదు. కాగితం పట్టుకుంటే సరిగ్గా బొటనవేలు పడే చోట, ఏది పై వైపో చూపించే బాణం గుర్తు వేశాను. ఏ మనిషి పట్టుకున్నా దాన్ని కప్పేస్తాడు. నాకది అప్పటిదాకా తట్టలేదు. అక్కడికక్కడే మళ్ళీ వేసి ఇచ్చాను. నువ్వు మాత్రం తలుపు మార్చనివ్వలేదు. "చెమటోడ్చి బిగించాను, అదలాగే ఉంటుంది" అన్నావు. ఇప్పుడు కీచుమంటున్నది ఆ తలుపే.

మీ తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే మా అక్క బొటనవేలు వల్ల నాకు బావ దొరికాడన్నమాట" అన్నాడు.

వాడికో పని అప్పజెప్పాను. బస్టాపు దగ్గర కూచుని, బస్సు తప్పిపోయినవాణ్ణి గియ్యమన్నాను. మొహం వెయ్యకూడదు. మొహం చూడకుండానే వాడికి బస్సు తప్పిందని నాకు తెలియాలి. "ఓస్, ఇంతేనా" అని గొడుగేసుకుని వెళ్ళాడు. చక్కటి మొహాలు వేసుకుని వచ్చాడు. నీ తమ్ముడు కదా, చెప్పింది వినడు.

వేళకి తిను. అంత ఎత్తున గాలి ఎక్కువ ఉంటుంది, చెవులకి గుడ్డ కట్టుకో.

నీ ఊ కొట్టేవాడు


జూన్ 9, శుక్రవారం. ఎండ. గాలి ఆడలేదు. చేసిన పని: ఫ్యాను రెక్కలు తుడిచాను. స్టూలు మీ తమ్ముడు పట్టుకున్నాడు. పట్టుకోవడం కంటే కబుర్లు చెప్పడం ఎక్కువ చేశాడు.

నా వాగుడుకాయకి,

ఒక సంగతి చెప్పాలి. రెండు రోజులుగా ఎలా మొదలెట్టాలో తెలియక తిరుగుతున్నాను. ముందు నవ్వొచ్చేది చెబుతాను.

మేం చేస్తున్న సినిమా నీకు తెలుసు, పడవ అవ్వ కథ. ఏటి మీద పడవ నడిపే ముసలమ్మ, రోజూ ఆ పడవ ఎక్కే ఒక బాతు. ఈత వచ్చిన బాతే, అయినా జనంతో పాటు వరసలో నిలబడి ఎక్కుతుంది. నా గడుల్లో కెమెరా కదలాలంటే ఎర్ర బాణం, మనిషి కదలాలంటే నీలం బాణం వేస్తానని తెలుసు కదా. మొన్న ఎర్ర పెన్ను అయిపోయింది. కెమెరా రేవు దగ్గరికి జరగాలని నీలంతో గీసి, తరవాత మారుద్దామనుకుని మరిచిపోయాను. బొమ్మలు కదిలించే పిల్లలు గీసింది గీసినట్టు చేశారు. తెర మీద చూస్తే రేవుకి రేవే, మెట్లూ జనమూ బాతూ సహా, ఏట్లో పడవకి ఎదురు నడుచుకుంటూ వచ్చేసింది. డబ్బు పెట్టేవాళ్ళు కూడా అదే రోజు వచ్చి చూశారు. దర్శకురాలికి నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు. ఇప్పుడు నడవాలో ఎవరు కనిపించినా "రేవు ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అడుగుతున్నారు.

ఇక అసలు సంగతి. మా గొంతు వెళ్ళిపోతున్నాడు. పెద్ద స్వరం ఉందని అందరం వాణ్ణి అలా పిలుస్తామని నీకు చెప్పాను. వాడికి డబ్బింగులో మంచి అవకాశం వచ్చింది. మంచిదే. కానీ ఇన్నాళ్ళూ నా బోర్డులన్నీ చెప్పింది వాడే.

మా పనిలో గియ్యడం సగమే. గీసిన గడులన్నీ పెద్ద బోర్డుకి గుచ్చి, కర్ర పట్టుకుని నిలబడి, గదినిండా జనం ముందు సినిమా అంతా చెప్పాలి. అవ్వలా దగ్గాలి, బాతులా అరవాలి. నేను చేరిన కొత్తలో ఒకసారి నిలబడ్డాను. "ఇది..." అన్నాను. ఆ తరవాత ఏమీ రాలేదు. ముందు వరసలోంచి ఎవరో "కరెంటు పోయిందా?" అన్నారు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. గొంతు లేచి వచ్చి, మంచితనంతోనే, నా చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. అప్పటి నుంచి నా బొమ్మలు వాడు చెబుతాడు, నేను వెనక వరసలో కూచుంటాను. వాడు బాగా చెబుతాడు. అందరూ పడీపడీ నవ్వుతారు. నేను నవ్వు కోసం వెయ్యని గడుల దగ్గర కూడా నవ్వుతారు. ఆ గడులు ఊరికే చూడమని వేసినవి. ప్రతిసారీ అక్కడ నాకు మెడ వంగిపోతుంది. ఇది నీతో ఎప్పుడూ అనలేదు. అనడానికి ఇందులో ఏముంది అనుకునేవాణ్ణి.

ఈసారి అసలు చిక్కు ఆఖరి సీనుతో. ఏటి మీద వంతెన వచ్చేసింది. పడవ ఎక్కేవాళ్ళు లేరు. అవ్వ ఒంటరిగా అవతలి ఒడ్డుకి వచ్చి తెడ్డు కింద పెట్టేస్తుంది. కథ రాసినతను అవ్వచేత పేజీ నిండా మాటలు చెప్పించాడు. నేను ఒక్క మాటా లేకుండా గీశాను. దర్శకురాలికి నచ్చింది. డబ్బు పెట్టేవాళ్ళలో పెద్దాయన, మందపాటి కళ్ళజోడు పెట్టుకుంటాడు, "అక్కడ ఏమీ జరగట్లేదు, తీసెయ్యండి" అంటున్నాడు. వచ్చే శుక్రవారం బోర్డు చెప్పాక ఆ సీను ఉంటుందో పోతుందో తేలుతుంది. "గొంతు వెళ్ళిపోతున్నాడు కాబట్టి మీరే చెప్పండి" అంది దర్శకురాలు.

నేను నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. నా నోరు మూసుకుపోయినందుకు అవ్వ తెడ్డు పోతుంది. నేనే లేకపోతే దర్శకురాలు తప్పక తనే చెబుతుంది, సీను నిలుస్తుందేమో. పాత బీరువాల కంపెనీకి ఫోన్ చేశాను. మేనేజరు సంతోషపడ్డాడు. "ఎప్పుడైనా రండి, మీరు వెళ్ళాక మా బీరువాలు జనం ఎలా బిగిస్తున్నారో దేవుడికే తెలియాలి" అన్నాడు. రాజీనామా రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. సోమవారం ఇస్తాను. నాకు బాధేమీ లేదు. ఆ పనీ మంచి పనే. నీకు ముందు చెప్పడం ధర్మమని రాస్తున్నాను.

మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. వాడు ఇవాళ కూడా మొహాలే వేసుకొచ్చాడు, కాకపోతే ఈసారి మొహాల మీద కోపం ఉంది. అది బస్సు తప్పినందుకు కాదు, బొమ్మ వేస్తున్నందుకు వీడి మీద కోపమట.

నీ ఊ కొట్టేవాడు


జూన్ 14, బుధవారం. పెద్ద గాలి, వాన మాత్రం లేదు. చేసిన పని: బాల్కనీలో తెగిన తీగ మళ్ళీ కట్టాను. మీ తమ్ముడి చొక్కా ఒకటి పక్కింటి మేడ మీద దొరికింది.

నా వాగుడుకాయకి,

నీ ఉత్తరం అందింది. ఇంటికి తెచ్చి కూచుని చదువుదామనుకున్నాను గాని, మెట్ల మీదే చదివేశాను. తిట్లు ఉన్న చోట రెండోసారి చదివాను. అక్కడ నీ గొంతు బాగా వినబడింది.

"రాజీనామా ఇచ్చావంటే నా చేతిలో అయిపోతావ్" అని మొదలెట్టావు. "మళ్ళీ ఆ కంపెనీలో చేరితే నేనూ మళ్ళీ ఒక బీరువా కొని, కాగితం పట్టుకుని గుమ్మంలోకి వస్తాను. ఈసారి పెళ్ళి చేసుకోను, తిట్టి పోతాను." సరే. ఆ కింద రాసింది మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, రాజీనామా పక్కనే. నువ్వు రాసింది నీకే మళ్ళీ రాయడం వింతగా ఉంటుంది గాని రాస్తున్నాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో నువ్వు చూడాలి.

"ఇక్కడ క్రేను గదిలో కూచుంటే కింద మనుషులు వేలెడంత ఉంటారు. ఎంత అరిచినా వినబడదు. నా వాగుడు ఇక్కడ దమ్మిడీకి పనికిరాదు. కింద నిలబడి మాకు సైగలు చేసే పెద్దాయన ఒకడున్నాడు. అందరూ చేతులాయన అంటారు. నోరు విప్పగా నేను చూడలేదు, నీ అన్నగారేమో కనుక్కో. చూపుడువేలు కిందికి పెట్టి చిన్నగా తిప్పితే, దించు. చెయ్యి పక్కకి చాచి అరచెయ్యి నేలవైపు పెట్టి ఊపితే, ఆపు. ఒక చేత్తో సైగ చేస్తూ, రెండో అరచెయ్యి దాని మీద కదలకుండా పట్టుకుంటే, నెమ్మదిగా. ఇల్లంత పెట్టె నా తాడుకి వేలాడుతుంటే నా కళ్ళు పెట్టె మీద ఉండవు, ఆయన చేతుల మీద ఉంటాయి. ఆయన తడబడితే నాకు చెమటలు. ఆయన నిదానంగా ఉంటే నేనూ నిదానం. ఇంత బరువు ఆ మనిషి ఒక్క మాట లేకుండా నా చేత దింపిస్తున్నాడు. నువ్వు ఆ ముసలమ్మ చేత ఒక తెడ్డు దింపించలేవా?"

నిన్న మీ తమ్ముడికి సంగతంతా చెప్పాను. వాడికి పూనకం వచ్చింది. కుర్చీలు వరసగా వేసి, దిండ్లు పెట్టి, "ఇదిగో బావా, ఈ ఎర్ర దిండు డబ్బు పెట్టే పెద్దాయన, ఈ చిరిగిన దిండు దర్శకురాలు. చెప్పు" అన్నాడు. గరిటె ఇచ్చాడు కర్రకి బదులు. నేను నిలబడ్డాను. దిండ్ల ముందు కూడా నోరు పెగల్లేదు.

"గొంతు పెంచు బావా."

"ఊఁ."

"ఇంకా."

"ఊఁ!"

"అది కాదు. పోనీ బాతులా అరిచి చూపించు."

అరిచాను. పక్కింటావిడ తలుపు కొట్టి, "లోపల ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. మీ తమ్ముడు "మా బావకి బాతు గొంతులో అడ్డం పడిందండీ" అన్నాడు. ఆవిడ మజ్జిగ తాగమని చెప్పి వెళ్ళింది.

ఆ తరవాత వాడు గరిటె కింద పడేసి కూలబడ్డాడు. "నీకు మాట రాదు, నాకు మొహం వెయ్యకుండా బొమ్మ రాదు. మనిద్దరం కలిసి ఒక మనిషి కూడా కాము" అన్నాడు. నాకు జాలేసింది. పక్కన కూచుని, కాగితం తీసుకుని చెప్పాను. నువ్వు బొమ్మ అందంగా రావాలని చూస్తున్నావు, అందుకే మొహం దగ్గర ఆగిపోతున్నావు. అగ్గిపెట్టెంత గడిలో, పుల్లల్లాంటి మనుషుల్ని, గబగబా వెయ్యి. బాగా వస్తే చింపెయ్యడానికి మనసొప్పదు, కాబట్టి బాగా వెయ్యకు. బస్సు తప్పడం అనేది మొహంలో లేదు. ముందు కాలు ఎక్కడ ఆగింది, చెయ్యి ఎంతవరకు లేచింది, సంచి ఎటు జారింది, అక్కడుంది. వాడు విన్నాడు. నేను అంత పొడుగు మాట్లాడటం చూసి, "బావా, దిండ్లతో కూడా ఇలాగే చెప్పొచ్చు కదా" అన్నాడు. ఒక మనిషితో, చేతిలో కాగితం ఉంటే వస్తుంది. అదే చిక్కు.

సోమవారం రాజీనామా ఇద్దామని దర్శకురాలి గదికి వెళ్ళాను. ఫోన్లో ఎవరితోనో వాదిస్తోంది. నన్ను చూసి ఫోన్ చేత్తో మూసి, "ఆ సీను మీ నోట వినాలని ఉందండీ. మీరు గీసినప్పుడు ఎంతసేపు ఆగారో అంతసేపు ఎవరూ ఆగరు" అంది. మళ్ళీ వాదనలో పడింది. కాగితం జేబులోనే ఉంది. రేపు చూడాలి.

నీ ఊ కొట్టేవాడు


జూన్ 16, శుక్రవారం. పొద్దున జల్లు, తరవాత తెరిపి. చేసిన పని: కుంటుతున్న బోర్డు కాలి కింద కాగితం మడిచి పెట్టాను. ఏ కాగితమో కింద రాస్తాను.

నా వాగుడుకాయకి,

నిన్న కూడా ఇవ్వలేదు. పొద్దున గదిలోకి వెళ్ళేసరికి అందరూ కూచుని ఉన్నారు. డబ్బు పెట్టేవాళ్ళు ముందు వరసలో. కళ్ళజోడాయన నన్ను చూసి, "నడిచే రేవు మీదేనా?" అన్నాడు. తల ఊపాను. "ఇవాళ ఏం నడుస్తుందో చూద్దాం" అన్నాడు. కొందరు నవ్వారు. గొంతుకి ఇదే ఆఖరి రోజు, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కర్ర తీసుకుని మొదటి గడి మీద పెట్టాను. బోర్డు కదిలింది. దాని కాలు ఒకటి పొట్టి. కర్ర తగిలినప్పుడల్లా గడులన్నీ వణుకుతున్నాయి. వణికే బొమ్మ ఎవరు చూస్తారు? జేబులో చెయ్యి పెడితే రెండు కాగితాలు తగిలాయి. ఒకటి నీది. రెండోది మడిచి కాలి కింద దోపాను. సరిగ్గా సరిపోయింది. లేచి నిలబడ్డాక గాని తట్టలేదు అదేమిటో.

"ఇది..." అన్నాను.

అంతే. మళ్ళీ అదే. కరెంటు మాట కోసం చెవులు ఎదురుచూస్తున్నాయి. వెనకాల గొంతు గోడ వదిలి ముందుకి అడుగు వెయ్యడం చూశాను. ఎప్పటిలాగే సాయం చెయ్యడానికి వస్తున్నాడు, కర్ర కోసం చెయ్యి కూడా చాచాడు. అప్పుడు నా చెయ్యి దానంతట అదే లేచింది. పక్కకి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి ఊపాను. ఆపు. వాడు ఆగిపోయాడు. గది మొత్తం ఆగిపోయింది. ఆ సైగ వాళ్ళలో ఎవరికీ తెలియదు, అయినా అందరికీ తెలిసింది.

ఇక మాట్లాడదామని చూడలేదు. కర్ర మొదటి గడి మీద ఉంచి నిలబడ్డాను. రేవు, వరస, వరసలో బాతు. కర్ర తీయలేదు. అవ్వ తెడ్డు వేసినట్టు కర్రతో బోర్డు అంచు మీద టక్ మనిపించి ఆగాను. మళ్ళీ టక్. కళ్ళజోడాయన కుర్చీలో ఇటూ అటూ కదిలాడు. ఎవరూ ఏమీ చెప్పకపోతే మనిషి ఊరుకోలేడు కదా.

"అదేంటి, ఆ బాతుకి ఈత రాదా?" అన్నాడు పక్కాయనతో.

"వచ్చండీ, అదిగో ఆ పక్క గడిలో ఈదుతోంది."

"మరి వరసలో ఎందుకు నిలబడింది?"

"అవ్వ కోసమేమో."

"చూడు చూడు, ముందున్నవాణ్ణి ముక్కుతో పొడుస్తోంది, త్వరగా కదలమని!"

అక్కడ గది నవ్వింది. అది నేను నవ్వు కోసమే వేసిన గడి. ఆ తరవాత నేను కర్ర జరిపితే చాలు, వాళ్ళే చెప్పుకుంటున్నారు. వాళ్ళు ఒక గడి ఇంకా చూడకుండానే తరవాతి గడికి పోబోతే రెండో చెయ్యి ఎత్తి కర్ర మీద కదలకుండా పట్టుకున్నాను. నెమ్మదిగా. ఆగారు. వంతెన వచ్చిన గడి దగ్గర "అయ్యో, ఇక పడవ ఎవరెక్కుతారు?" అని ఎవరో అన్నారు. ఆ తరవాత మాటలు తగ్గాయి. అవ్వ ఒక్కతే వస్తోంది. టక్. టక్. ఒడ్డు. అవ్వ తెడ్డు కొంగుతో తుడిచింది. ఇక తెడ్డు కింద పెట్టే గడులు. నేనూ కర్ర దించడం మొదలెట్టాను, ఆవిడ దించినంత నెమ్మదిగా, రెండో అరచెయ్యి దాని మీద పెట్టి. కర్ర నేలకి తగిలిన చప్పుడు కూడా వినబడలేదు.

ఎవరూ కదల్లేదు. అయిపోయిందనుకున్నారు. నాకు అర్థం కాలేదు, ఇంకో గడి ఉంది కదా అని. అప్పుడు తెలిసింది, దాని ముందు నేనే నిలబడి ఉన్నాను. ఏళ్ళ కిందటి బొటనవేలు తప్పే! పక్కకి జరిగాను. ఖాళీ రేవు. పడవ లేదు. మెట్ల మీద బాతు ఒక్కటే, వరసలో నిలబడి ఉంది.

గొంతు కూడా ఏమీ అనలేదు. నువ్వు వాణ్ణి చూసి ఉంటే అది ఎంత పెద్ద సంగతో తెలిసేది. కళ్ళజోడాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ సీను తీసెయ్యమన్నది ఎవరు?" అన్నాడు కోపంగా.

"మీరేనండీ" అంది దర్శకురాలు.

"నేనా? ఎప్పుడు?"

"మొన్న. నిన్న కూడా."

గది ఫక్కుమంది. ఆయన కూడా నవ్వాడు. "సరే, నా మాట తీసెయ్యండి, సీను ఉంచండి. మాటలున్న ఆ పేజీ కూడా తీసెయ్యండి" అని లేచాడు.

బయటికొచ్చాక గొంతు నా భుజం మీద చెయ్యేశాడు. "గురువుగారూ, ఆ తెడ్డు దగ్గర నేనైతే ఒక పాట కూడా అందుకునేవాణ్ణి" అన్నాడు.

ఊఁ అన్నాను.

"ఆ ఊఁ కి అర్థం ఇవాళే తెలిసింది. ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. వాడు వెళ్ళిపోతున్నందుకు నాకు నిజంగానే బెంగగా ఉంది.

బోర్డు సినిమా అయ్యేదాకా అక్కడే ఉంటుందట. కాలి కింద కాగితం తీస్తే మళ్ళీ కుంటుతుంది, అందుకని తియ్యలేదు. బీరువాల కంపెనీకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. మేనేజరు "పోనీ, బాణాలు ఎక్కడ వెయ్యకూడదో మావాళ్ళకి ఒకసారి చెప్పి వెళ్ళండి" అన్నాడు. వెళ్ళి గీసి చూపిస్తాను.

చేతులాయనకి నా నమస్కారాలు. నోటితో చెప్పకు, చేత్తో చెప్పు.

నీ ఊ కొట్టేవాడు


జూన్ 25, ఆదివారం. వాన వెలిసింది. గోడల మీద ఎండ. చేసిన పని: ఇంకా సగంలో ఉంది, చివర రాస్తాను.

నా వాగుడుకాయకి,

శిక్షణ అయిపోవచ్చిందని రాశావు, ఎప్పుడొస్తావో మాత్రం రాయలేదు. ఈ ఉత్తరం అక్కడ అందుతుందో, నువ్వే ముందు అందుతావో తెలియదు. అయినా రాస్తున్నాను, అలవాటైపోయింది.

మీ తమ్ముడి సంగతి. మొన్న సాయంత్రం తడిసి ముద్దై వచ్చి ఒక చీటీ నా ముందు పెట్టాడు. అగ్గిపెట్టెంత గడి. ఒక కాలు రోడ్డు మీద, ఒక కాలు ఇంకా గట్టు మీద. సగం తెరిచిన గొడుగు. పైకెత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక జుట్టు సర్దుకుంటోంది. మొహం లేదు. బస్సు కూడా లేదు. నేను చాలాసేపు చూశాను. వాడికి ఓపిక పోయి, "బాగుందో లేదో చెప్పు బావా, ఊఁ అంటే ఊరుకోను" అన్నాడు. "వీడికి ఇంటర్వ్యూ ఉంది పాపం" అన్నాను. వాడు ఎగిరి గంతేశాడు. నిజంగానే ఆ మనిషి ఇంటర్వ్యూకి వెళుతున్నాడట, తరవాత మాట్లాడి కనుక్కున్నాడట.

ఆ చీటీ దర్శకురాలికి చూపించాను. ఇలాంటివి ఒక కట్ట వేసుకుని రమ్మంది, అప్పుడు చూద్దామంది. వాడు "మెమో కంటే నయమే" అని, ఇప్పుడు బాల్కనీలో కూచుని వీధిలో పోయేవాళ్ళందర్నీ పుల్లలుగా మార్చేస్తున్నాడు. ఆఫీసు మాత్రం మానొద్దని గట్టిగా చెప్పాను. బొమ్మలు ఆఫీసు అయ్యాక కూడా గియ్యొచ్చు. నేనూ అలాగే గీశాను.

ఇక చేసిన పని. పొద్దున బీరువా తలుపు ఊడదీసి గోడకి ఆనించాను. మరలన్నీ టీ సాసరులో పోశాను. దాన్ని సరిగా, పై వైపు పైకి తిప్పి బిగించెయ్యాలా, లేక నువ్వు బిగించినట్టే తలకిందులుగా ఉంచి, అడుగు అంచు రాసుకోకుండా కాస్త చిత్రిక పట్టాలా అని పొద్దుటి నుంచి దాని ముందు కూచున్నాను. సరిగా బిగిస్తే కీచుమనదు. కానీ ఆ చప్పుడు వింటే నువ్వు ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది. బాగా ఆలోచించి చివరికి

మీ తమ్ముడు అరుస్తున్నాడు. "బావా! అక్క వచ్చేసింది! పెట్టె పక్కన పడేసి, వీధి మధ్యలో నిలబడి, పైకి చూస్తూ చేతులు తిప్పుతోంది. క్రేను గాని బుర్రకెక్కిందా ఏమిటి?"

కిటికీలోంచి చూశాను. చూపుడువేలు కిందికి పెట్టి తిప్పుతున్నావు, దిగమని. దాని మీద రెండో చెయ్యి లేదు. నెమ్మదిగా కాదన్నమాట. తలుపు సంగతి